బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

(ఒక కాలనీ సామాజిక భవనంలో ఆదివారం ఉదయం కార్ల యజమానుల కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో, ఆటో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక్క ఇబ్బంది గురించి మాట్లాడతాను. పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరి తాళం తిప్పితే కారు స్టార్ట్ కాదు. సెల్ఫ్ టక్ టక్ మంటుంది, డాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి. పక్కింటివాళ్ల సాయంతో తోసో, ఇంకో కారు నుంచి కేబుల్ వేసో ఎలాగో కదిలిస్తారు. దుకాణానికి తీసుకెళ్తే "బ్యాటరీ పోయిందండీ" అంటారు. వేలకు వేలు పెట్టి కొత్తది వేయించుకుంటారు. రెండు నెలలు బాగానే నడుస్తుంది. మళ్లీ ఒక పొద్దున అదే టక్ టక్.

బ్యాటరీ ఎందుకు డౌన్ అయిందో చూడకుండా కొత్తది బిగిస్తే, పాతదాన్ని తినేసిన కారణమే కొత్తదాన్నీ తినేస్తుంది. బాగున్న బ్యాటరీలు తూకానికి పోవడం నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. మేడ మీద ట్యాంకు ఖాళీ అయితే మనం వెంటనే ట్యాంకు మార్చం కదా. మోటారు నీళ్లు ఎక్కిస్తోందా, మధ్యలో పైపు పూడుకుపోయిందా, కింద ఎక్కడైనా కుళాయి కారుతోందా అని చూస్తాం. ఇవేవీ కాకపోతేనే ట్యాంకుకు చిల్లు పడిందేమో అనుకుంటాం. కారులో కూడా అనుమానించాల్సినవి ఈ నాలుగే. ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటరు, దాన్నుంచి కరెంటు మోసుకొచ్చే తీగలు, కారు ఆపాక కూడా కరెంటు లాగుతున్న వస్తువు, చివరికి బ్యాటరీ. వీటిని విడదీసి చూపించే పరికరం ఇదిగో. (మల్టీమీటరు ఎత్తి చూపారు.) మూడు నాలుగు వందల రూపాయలకు దొరుకుతుంది. ఇంట్లో ఒకటి ఉండాలి.

ముందు ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. మన కార్లలో ఉన్నది సీసం, గంధకామ్లం కలిసిన బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసి చూపించిన రసాయనమే ఇప్పటికీ నడుస్తోంది. లోపల 6 సెల్లులు ఉంటాయి, ఒక్కొక్కటి 2.1 వోల్టులు ఇస్తుంది. అన్నీ కలిపితే 12.6. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా లెక్కలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. చిన్న పెట్రోలు కారులో సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 100 నుంచి 200 ఆంపులు లాగుతుంది, డీజిలు కారులో ఇంకా ఎక్కువ. వినడానికి భయంకరంగా ఉన్నా అది రెండు సెకన్ల పని. ఒక ఆంపు కరెంటు గంటసేపు పోతే దాన్ని ఒక ఆంపియర్-అవర్ అంటారు. 150 ఆంపుల చొప్పున రెండు సెకన్లకు లెక్క వేస్తే 0.1 ఆంపియర్-అవర్ కూడా కాదు. మీ బ్యాటరీ 45 ఆంపియర్-అవర్లది అనుకుంటే, ఒకసారి స్టార్ట్ చేయడానికి దానిలో ఐదువందల భాగాల్లో ఒక భాగం ఖర్చవుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కారును రోజుకు పదిసార్లు ఆపి స్టార్ట్ చేసినంత మాత్రాన బ్యాటరీ డౌన్ కాదు. డౌన్ అయిందంటే వెనక ఇంకేదో ఉంది.

మీటరు పట్టుకునే ముందు జాగ్రత్తలు చెప్పాలి. ఇవి వినని వారు మిగతాది ప్రయత్నించవద్దని నా మనవి. బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. దగ్గర బీడీ, సిగరెట్, దీపం ఏవీ ఉండకూడదు. లోపల ఉన్నది యాసిడ్ కాబట్టి కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఉంగరం, లోహపు గడియారం తీసేయండి. పానా ఒక కొస పాజిటివ్‌కూ రెండో కొస కారు బాడీకీ తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. మధ్యలో ఉంగరం వేలు ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు బెల్టు దగ్గర చీర కొంగు, చున్నీ, జడ, వదులు చొక్కా చేతులు వేలాడకూడదు. టెర్మినల్ విప్పాల్సి వస్తే ముందు నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు నెగటివ్ చివర. నెగటివ్ తీసేసి ఉంటే, పాజిటివ్ విప్పుతున్న పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు రావు. ఇక హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవారు అధిక వోల్టేజీ మోసే నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లవద్దు. వాటిలో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది కానీ చాలావాటిలో దానికి ఛార్జింగ్ ఇచ్చేది ఆల్టర్నేటరు కాదు, పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే కన్వర్టరు.

సరే, మొదటి కొలత. మీటరు చక్రాన్ని డీసీ వోల్టుల్లో 20 దగ్గర పెట్టండి. నల్ల తీగ కామ్ అన్న రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో ఉండాలి. కారు రాత్రంతా ఆగి ఉండాలి. నడిపిన వెంటనే కొలిస్తే బ్యాటరీ పైపైన ఉన్న ఛార్జింగ్ వల్ల అంకె లేని గొప్ప చూపిస్తుంది. ఎర్ర కొసను పాజిటివ్‌కు, నల్ల కొసను నెగటివ్‌కు ఆనించండి. 12.6 గానీ ఆపైన గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. 11.8 కన్నా తక్కువైతే ఖాళీ అనే చెప్పాలి. చూడండి, నిండుకూ ఖాళీకీ మధ్య తేడా ఒక్క వోల్టు కూడా లేదు. "12 చూపిస్తోంది, 12 వోల్టుల బ్యాటరీయే కదా, బాగానే ఉంది" అని చాలామంది అనుకుంటారు. 12 బాగున్నట్టు కాదు.

అయితే 12.6 చూసి కూడా సంబరపడకూడదు. నిండుగా ఉందని ఈ అంకె చెబుతుంది, బలంగా ఉందని చెప్పదు. ముసలి బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి పేరుకుంటుంది. ఏ పనీ చెప్పనంతసేపు 12.6 చూపిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే కూలబడుతుంది. అందుకే రెండో కొలత. మీటరు అలాగే పట్టుకుని ఇంకొకరిని తాళం తిప్పమనండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు అంకె 10 పైన నిలబడితే మంచిది. 9.6 దాకా దిగినా ఒప్పుకోవచ్చు. నిండుగా ఉన్న బ్యాటరీ 8కో 7కో పడిపోయిందంటే దాని పని దాదాపు అయిపోయింది. నిండుగా ఉన్న బ్యాటరీ అన్నాను, గమనించండి. సగం ఖాళీ అయిన బ్యాటరీ మీద ఈ పరీక్ష చేసి అది చెడిపోయిందని తీర్పు చెప్పడం అన్యాయం. ముందు ఛార్జర్ పెట్టి నింపండి, తరువాత పరీక్షించండి.

ఈ కొలతలోనే ఇంకొక విషయం తెలుసుకోవచ్చు. మీటరు కొసను టెర్మినల్ క్లాంపు మీద కాకుండా బ్యాటరీ నుంచి పైకి వచ్చిన సీసపు స్తంభం మీద ఆనించి చూడండి, తరువాత క్లాంపు మీద ఆనించి చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు స్తంభం దగ్గర 10.8, క్లాంపు దగ్గర 8.5 వచ్చిందనుకోండి, బ్యాటరీ నిర్దోషి. ఆ రెండింటి మధ్య ఉన్న తెల్లటి, నీలం పచ్చని పొడి దోషి. నెగటివ్, పాజిటివ్ వరుసగా విప్పి, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలిన్ రాయండి. బ్యాటరీకి మూతలు ఉంటే సోడా నీళ్లు లోపలికి పోకుండా చూసుకోండి. స్టార్ట్ కాని కార్లలో ఎన్నో ఇంతటితో బాగుపడతాయి.

మూడో కొలతే అసలైనది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఎంత ఉంది? 13.8కీ 14.7కీ మధ్య ఉండాలి. ఆగి ఉన్నప్పుడు ఎంత ఉందో ఇంజన్ నడుస్తున్నప్పుడూ అంతే ఉంటే, పైగా నిమిషం నిమిషానికీ తగ్గుతూ పోతుంటే ఛార్జింగ్ ఎక్కడం లేదని అర్థం. ఇప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, వెనక అద్దం వేడిచేసే మీట అన్నీ వేయండి. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి పట్టుకోండి. ఇంత బరువు మీద పడినా 13.5 పైన నిలబడితే ఆల్టర్నేటరు గట్టిదే. 13కు దిగితే అనుమానించాలి. 15 దాటితే, ఆల్టర్నేటరు వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయింది. అది ఛార్జింగ్ ఎక్కకపోవడం కన్నా ప్రమాదం. బ్యాటరీ ఉబ్బుతుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, బల్బులు తరచూ మాడిపోతాయి. అలాంటి కారును నడపకండి.

ఇక్కడ రెండు సవరణలు. మే నెల మధ్యాహ్నం బానెట్ కింద కాలిపోతున్నప్పుడు రెగ్యులేటరు తనంతట తానే వోల్టేజీ తగ్గిస్తుంది. అప్పుడు 13.6 కనిపిస్తే కంగారుపడవద్దు. ఇక ఈ మధ్య వచ్చిన చాలా కార్లలో ఛార్జింగ్‌ను ఇంజన్ కంప్యూటరే నడిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే 12.8కి తగ్గించి, బ్రేకు వేసినప్పుడు 15 దగ్గరకు పెంచుతుంది. అలాంటి కారులో ఒక్కసారి కొలిచి తేల్చకూడదు. హెడ్‌లైట్లు వేసి, పది నిమిషాలు గమనించి చెప్పాలి.

మన కాలనీలోనే ఒక కారు గురించి చెబుతాను, ఎందుకంటే ఇంతవరకు చెప్పినవి చేసినా దాని లోపం దొరకలేదు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చారు. చివరికి ఆల్టర్నేటరు కూడా విప్పించి కార్బన్ బ్రష్‌లు కొత్తవి వేయించారు. అయినా పది పదిహేను రోజులకోసారి అదే కథ. లైట్లు, బ్లోయరు వేసి బ్యాటరీ మీద కొలిస్తే 13.2. ఇంకో ఆల్టర్నేటరు కొనమని సలహా వచ్చింది. నల్ల కొసను బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచి, ఎర్ర కొసను ఆల్టర్నేటరు వెనక లావుపాటి తీగ బిగించే బోల్టు మీద ఆనించాను. 14.1 వచ్చింది. అంటే ఆల్టర్నేటరు ఇవ్వాల్సింది ఇస్తోంది. దారిలో 0.9 వోల్టు మాయమవుతోంది. ఇంజన్ ఆపించి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆ తీగకు రెండో కొసన ఉన్న రబ్బరు తొడుగు వెనక్కి లాగితే లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, తీగ కొసను బోల్టుకు బిగించే లగ్గు దగ్గర సగం తెగిపోయి ఉన్నాయి. చెయ్యి పెడితే ఇంకా వేడిగా ఉంది. ఉండదా మరి? 30 ఆంపులు పోతున్న చోట 0.9 వోల్టు పడిపోతే 27 వాట్లు అక్కడే వేడిగా మారుతున్నట్టు. కొత్త లగ్గు నొక్కి బిగించారు. రెండు బ్యాటరీలు మార్చిన కారుకు కావలసింది వంద రూపాయల పని.

ఈ కొలతను సూటిగా ఇలా చేయవచ్చు. ఇంజన్ నడుస్తూ, లైట్లన్నీ వెలుగుతుండగా మీటరు ఒక కొస ఆల్టర్నేటరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద. 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. తరువాత ఒక కొస ఆల్టర్నేటరు బాడీ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద. ఇక్కడ 0.2 దాటకూడదు. దాటితే ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీని చూడండి. వానల్లో, సముద్రపు గాలిలో తిరిగే కార్లకు ఆ పట్టీ తుప్పు పట్టడం మామూలే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు కార్లున్నవారు ముందు అదే చూసుకుంటే మేలు. ఎలుకలు కొరికిన తీగలూ ఈ కొలతలోనే బయటపడతాయి.

ఇప్పుడు ఒక విషయం చాలా గట్టిగా చెప్పాలి. కొందరు మెకానిక్‌లు ఇప్పటికీ ఒక పాత పరీక్ష చేస్తుంటారు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడబీకడం. ఇంజన్ ఆగిపోతే ఆల్టర్నేటరు పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు. దయచేసి మీ కారు మీద ఎవరినీ ఇది చేయనివ్వకండి. పూర్వం కార్లలో ఆల్టర్నేటరుకు బదులు డైనమోలు ఉండేవి, కంప్యూటర్లు లేవు, కాబట్టి ఈ అలవాటు చెల్లింది. 1960లో క్రైస్లర్ తన వాలియంట్ కారుతో ఆల్టర్నేటరును మామూలు కార్లలోకి తెచ్చాక డైనమోల కాలం క్రమంగా ముగిసింది. ఆల్టర్నేటరు నుంచి గట్టిగా కరెంటు పోతున్నప్పుడు బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే, ఆ శక్తి పోయే దారి లేక వోల్టేజీ ఒక్క క్షణం 40, 50, ఇంకా పైకి కూడా ఎగురుతుంది. రెగ్యులేటరు తేరుకునేలోపు ఇంజన్ కంప్యూటరుకో, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌కో, ఆల్టర్నేటరులో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లకో ఆయువు తీరవచ్చు. మీటరు కొస ఆనిస్తే తెలిసే దానికి ఇంత సాహసం ఎందుకు? మీ కళ్లముందు ఎవరైనా ఆ పని చేయబోతే మర్యాదగా ఆపండి.

డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ బొమ్మ సంగతి చూద్దాం. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరాలి. అసలు వెలగకపోతే అదీ లోపమే. పాత తరహా కార్లలో ఆ బల్బు గుండా పోయే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపుతుంది. బల్బు మాడిపోతే ఛార్జింగే మొదలు కాకపోవచ్చు. దారిలో ఆ బొమ్మ వెలిగితే ఏసీ, పాటలు ఆపేసి దగ్గర్లోని దుకాణం దాకా వెళ్లవచ్చు. కానీ దాంతో పాటు ఇంజన్ వేడి ముల్లు పైకి లేస్తుంటే వెంటనే బండి పక్కకు తీసి ఆపండి. బెల్టు తెగి ఉంటుంది. చాలా కార్లలో ఆల్టర్నేటరును తిప్పే బెల్టే ఇంజన్ను చల్లబరిచే నీళ్ల పంపునూ తిప్పుతుంది. రెండు కిలోమీటర్లే కదా అని వెళ్తే ఇంజన్ పట్టేస్తుంది. బెల్టు తెగకముందు చాలాసార్లు పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరుస్తుంది. ఆ అరుపు విని బెల్టు మార్పించినవారికి ఈ కష్టం రాదు.

ఆల్టర్నేటరు లోపల పోయేవి ఎక్కువగా బ్రష్‌లు, రెగ్యులేటరు, డయోడ్లు, బేరింగులు. బేరింగు పోతే గరగర శబ్దం వినిపిస్తుంది. డయోడు పోతే రెండు రకాలుగా బాధిస్తుంది. పగలు ఛార్జింగ్ తగ్గుతుంది. రాత్రి, కారు ఆపి ఉన్నప్పుడు, బ్యాటరీ కరెంటు ఆ డయోడు గుండా వెనక్కి కారిపోతుంది. తెల్లవారి ఇంజన్ చల్లగా ఉన్నా ఆల్టర్నేటరు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలితే ఇదే. మంచి మీటరు ఉన్నవారు ఇంజన్ నడుపుతూ మీటరు చక్రాన్ని ఏసీ వోల్టుల్లో, అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు గుర్తు దగ్గర, పెట్టి బ్యాటరీ మీద కొలవవచ్చు, 0.5 దాటితే డయోడు మీద అనుమానం. చవక మీటర్లలో ఈ కొలత నమ్మకండి. ఒక వైపు పెడితే 30 దగ్గర ఏదో అంకె, తీగలు తిరగేస్తే సున్నా చూపిస్తాయి. అది మీటరు పరిమితి, కారుకు రోగం లేదు.

మూడు కొలతలూ బాగున్నా కారు రెండు మూడు రోజులు ఆపితే డౌన్ అవుతోందా? అప్పుడు ఏదో దొంగచాటుగా కరెంటు లాగుతోంది. తాళం తీసేసినా గడియారం, రిమోట్ తాళం, కంప్యూటర్లు కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. 20 నుంచి 50 మిల్లీ ఆంపుల దాకా సహజం. 400 అయిందనుకోండి. శుక్రవారం రాత్రి పెట్టిన కారు సోమవారం ఉదయానికి దాదాపు 60 గంటలు. 24 ఆంపియర్-అవర్లు పోయాయి, 45లో సగానికి పైగా. సోమవారం పొద్దునే మొరాయించే కార్ల గుట్టు తరచూ ఇదే. బయట బిగించుకున్న డాష్‌కామ్, జీపీఎస్ ట్రాకరు, పాటల సిస్టం, లేదా మూసినా ఆరని డిక్కీ లైటు, గ్లోవ్‌బాక్సు లైటు. ముందు వీటినే అనుమానించండి.

కొలవాలంటే మీటరు ఎర్ర తీగను 10 ఆంపుల రంధ్రంలోకి మార్చి, చక్రాన్ని అదే స్థానానికి తిప్పి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆ క్లాంపుకూ స్తంభానికీ మధ్యలో మీటరును పెట్టాలి. తలుపులు మూసి ఉండాలి, తాళం చెవి దూరంగా ఉండాలి. మొదట అంకె పెద్దగా ఉంటుంది, కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఆగండి. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది, చవకదైతే మీటరే పోతుంది. అరగంట తరువాత కూడా ఎక్కువగా ఉంటే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ, దేన్ని తీస్తే అంకె పడిపోతుందో చూడాలి. పని అయిపోగానే ఎర్ర తీగను మళ్లీ వోల్టుల రంధ్రంలో పెట్టండి. మరచిపోయి రేపు అలాగే బ్యాటరీ మీద ఆనిస్తే నేరుగా షార్ట్ చేసినట్టే.

మన ఎండల మాట చెప్పకుండా ముగించలేను. చలి బ్యాటరీని చంపుతుందని అందరూ అంటారు. అసలు హంతకి ఎండ. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే లోపలి క్షయం దాదాపు రెట్టింపు అవుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో రోజంతా నిలబడే కారు బ్యాటరీ ఎలా కరిగిపోతుందో ఊహించుకోండి. మేలో దెబ్బ తిని, డిసెంబరు పొద్దున మొరాయిస్తుంది, నింద చలి మీద పడుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీని ఏటా వేసవి ముందొకసారి, తరువాత ఒకసారి కొలవండి. మూతలున్న బ్యాటరీ అయితే నీళ్లు చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, కుళాయి నీళ్లు కాదు, యాసిడ్ అసలే కాదు. బ్యాటరీ పైన ఛార్జింగ్ ఉందని చూపే పచ్చ రంగు కన్ను కనిపిస్తోంది కదా అని ధీమా వద్దు. ఆ కన్ను 6 సెల్లుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా ఐదింటిలో ఒకటి చచ్చిపోయినా అది పచ్చగానే ఉంటుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(కేబుల్ వేసి స్టార్ట్ చేసేటప్పుడు ఏది ముందు కలపాలి అని ఒకరు అడిగారు.)

ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగటివ్‌కు. చివరి కొసను డౌన్ అయిన కారు ఇంజన్ మీద, బ్యాటరీకి దూరంగా ఉన్న రంగు వేయని లోహానికి తగిలించండి. చివరి కలయికలో నిప్పురవ్వ వస్తుంది, అది హైడ్రోజన్ ఉన్న చోట రాకూడదు. మంచి కారును ఐదు నిమిషాలు నడిపి, తరువాత రెండోదాన్ని ప్రయత్నించండి. తీసేటప్పుడు వరుస తిరగేయండి. స్టార్ట్ అయింది కదా అని అంతటితో వదిలేయకండి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటరును తయారు చేయలేదు. ఆ భారం మీద పడితే ఆల్టర్నేటరు వేడెక్కి తనే పోవచ్చు. 4, 5 ఆంపుల ఛార్జర్ మీద పది పన్నెండు గంటలు ఉంచడం సరైన పద్ధతి.

(బండి ఆగినప్పుడు ఇంజన్ తనే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే స్టార్ట్-స్టాప్ ఏర్పాటు ఉన్న కారుకు మామూలు బ్యాటరీ వేయవచ్చా అని ఒకరు.)

వద్దమ్మా. వాటికి పదే పదే స్టార్ట్ అయ్యే శ్రమను తట్టుకునేలా చేసిన బ్యాటరీ వస్తుంది. చవకని మామూలుది వేస్తే త్వరగా పోతుంది. పాతదాని మీద ఏ రకం అని ఉందో అదే అడిగి తీసుకోండి. అలాంటి కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీలోకి వచ్చీపోయే కరెంటును లెక్కపెట్టే చిన్న సెన్సరు ఉంటుంది. ఛార్జర్ పెట్టేటప్పుడు నల్ల క్లిప్పును దాని మీద కాకుండా ఇంజన్ లోహానికో, కంపెనీ చూపించిన ఎర్త్ బోల్టుకో పెట్టండి.

(పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వస్తామని, కారును ఎలా ఉంచాలని ఒక పెద్దాయన అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారండీ. 2020 లాక్‌డౌన్‌లో వీధుల్లో ఆగిపోయిన కార్లన్నింటిదీ ఇదే సమస్య. 30 మిల్లీ ఆంపులే లాగినా నెల రోజులకు సగం బ్యాటరీ పోతుంది, ఆరు నెలలకు అది మళ్లీ కోలుకోదు. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలోనే సల్ఫేటు గట్టిపడుతుంది. పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి రెండు వారాలకోసారి అరగంట, ముప్పావుగంట బయట నడపమనండి. ఉన్నచోటే ఐదు నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు. అలా నడిపేవారు లేకపోతే బ్యాటరీని ఛార్జర్‌తో పూర్తిగా నింపి, నెగటివ్ టెర్మినల్ విప్పి, గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. విప్పాక రిమోట్ పనిచేయదు. తలుపు తాళం చెవితో తెరుచుకుంటోందో లేదో, టెర్మినల్ విప్పే ముందే ఒకసారి తిప్పి చూసుకోండి.